పిచ్ పైన్ అడవిలో సన్‌డయల్ లూపిన్: మంట తర్వాత పూలు ఎందుకు పెరుగుతాయి, పెరట్లో ఎందుకు నిలవవు?

తంగేడు_ఎన్‌జె

అందరికీ నమస్కారం. అమెరికా ఈశాన్య రాష్ట్రాల సొంత పూలమొక్క సన్‌డయల్ లూపిన్ (లూపినస్ పెరెన్నిస్) గురించి తెలిసినవాళ్లు చెప్పండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ పైన్ బుష్ రిజర్వ్ వాళ్లు కావాలనే అడవికి మంట పెడతారు, ఆ తర్వాత మే నెలాఖరుకు నీలం పూలు విరగబూస్తాయి అంటారు. వేడికి గింజ పగలడం వల్లా ఇది? లేక బూడిద ఎరువుగా పనిచేయడం వల్లా? నిప్పు పెట్టే వీలే లేని ఇంటి పెరట్లో ఈ మొక్క నిలవాలంటే ఏం చేయాలి?

ఇసుకదిబ్బ

వేడి పాత్ర కొంచెమే, బూడిద పాత్ర ఇంకా తక్కువ. ప్రధానంగా పనిచేసేది వెలుతురు. ఆ తర్వాత, పైపొర కాలిపోయి బయటపడ్డ వట్టి ఇసుక.

ముందు నేల సంగతి చెప్పాలి. మంచుయుగం ముగిసే రోజుల్లో ఆల్బనీ ప్రాంతంలో పెద్ద హిమనదీ సరస్సు ఉండేది. నీరు వెళ్లిపోయాక మిగిలిన ఇసుకను గాలి దిబ్బలుగా పోసింది. ఆ ఇసుకలో నీరు నిలవదు, నత్రజని చాలా తక్కువ, పుల్లనేల. అక్కడ పిచ్ పైన్ చెట్లు, వాటి కింద పొదలుగా స్క్రబ్ ఓక్, సందుల్లో లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి, దాని పక్కన లూపిన్ కలిసి బతుకుతాయి. నిప్పును తట్టుకునే దారి ఒక్కోదానికి ఒక్కోటి. పిచ్ పైన్‌కు మందపాటి బెరడు ఉంటుంది. కొమ్మలన్నీ మాడినా కాండం మీద నిద్రాణంగా ఉన్న మొగ్గలు చిగురిస్తాయి. స్క్రబ్ ఓక్ మోడు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. లూపిన్‌కు లోతుకు దిగే తల్లివేరు, నేల కింద పక్కలకు పాకే కాండం ఉన్నాయి. పైభాగం పూర్తిగా కాలిపోయినా కింద ప్రాణం ఉంటుంది.

మంటలు ఆపేసిన చోట ఏమవుతుందో చూస్తే విషయం తేటపడుతుంది. ఇరవై ముప్ఫై ఏళ్లు నిప్పు తగలకపోతే స్క్రబ్ ఓక్ దట్టంగా అల్లుకుంటుంది. పైన్ సూదులు (సూదుల్లాంటి దాని ఆకులు), ఓక్ ఆకులు నేల మీద పొరలు కడతాయి. నీడ ముదురుతుంది. లూపిన్ అప్పటికప్పుడు చావదు, ముందు పూయడం మానేస్తుంది. నాలుగైదు ఆకులతో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. అప్పుడు మంట వచ్చి పైన కొమ్మల కప్పు తెరుచుకుంటే, పక్క ఏడాది పూసేది ఎక్కువగా ఈ పాత మొక్కలే. చూసేవాళ్లకు గింజలన్నీ ఒక్కసారి మొలిచాయేమో అనిపిస్తుంది. గింజ నుంచి వచ్చిన మొక్క సాధారణంగా రెండో ఏడాదికో మూడో ఏడాదికో గానీ పూత పట్టదు. కాబట్టి మంట వెళ్లిన తొలి వసంతంలో కనిపించే పూలు కొత్త మొలకలవి అయ్యే వీలు లేదు.

గింజలమూట

ఇసుకదిబ్బ గారు చెప్పింది పూల వరకూ ఒప్పుకుంటాను. కానీ మొలకల లెక్కలో వేడిని పూర్తిగా పక్కన పెట్టకండి. లూపిన్ గింజ తోలు నీటిని లోపలికి రానివ్వదు. ఆ తోలుకు ఎక్కడో ఒక చోట పగులు పడాలి. చలికాలంలో నేల గడ్డకట్టి కరగడం, ఇసుక రాపిడి, వేడి, ఈ మూడూ ఆ పని చేయగలవు. నేల మీదే పడి ఉన్న గింజ మంటలో మాడిపోతుంది. ఒకటి రెండు సెంటీమీటర్లు ఇసుకలో దిగినదానికి తగిలే వేడి చాలా తక్కువ. ఇసుక వేడిని లోతుకు అంత తొందరగా పంపదు. మధ్యలో ఉన్న వాటికే వేడి ఉపయోగపడుతుంది.

అంతకన్నా ముఖ్యమైన మాట. మొలిచిన గింజ వేరు ఇసుకను అందుకోవాలి. మూడు అంగుళాల సూదుల పొర మీద మొలిచిన లూపిన్ జూన్ ఎండకు ఎండిపోతుంది. ఆ పొరను మంట తీసేస్తుంది, కాబట్టి కొత్త మొక్కల విషయంలో కూడా చివరికి ఇసుకదిబ్బ గారి మాటే నిలుస్తుంది.

ఈ మొక్క గింజ దూరం పోదు. కాయ ఎండి నల్లబడ్డాక రెండు తొనలు మెలితిరిగి ఠప్పున పగులుతాయి, గింజలు కొన్ని మీటర్ల మేర చిమ్ముతాయి. గాలికి ఎగిరే రెక్కలు లేవు, పిట్టలు మోసుకెళ్లే గుజ్జు లేదు. ఒక దిబ్బ మీద లూపిన్ పోయిందంటే పక్క దిబ్బ నుంచి దానంతటది రావడం చాలా కష్టం. మధ్యలో హైవే ఉంటే ఇక రాదు. అందుకే పాడైన చోట మనుషులు విత్తాల్సి వస్తోంది.

తంగేడు_ఎన్‌జె

బూడిద సంగతి ఇంకా తేలలేదండీ. మన రైతులు పొలంలో బూడిద చల్లుతారు కదా, ఇక్కడ అది ఎందుకు పనికిరాదు?

ఇసుకదిబ్బ

బూడిదలో పొటాషియం, కాల్షియం ఉంటాయి. కొద్ది నెలల పాటు నేల పులుపు కాస్త తగ్గుతుంది కూడా. నత్రజనిలో ఎక్కువ భాగం మాత్రం పొగతో గాలిలోకి పోతుంది. మిగతా మొక్కలకు అది నష్టం, లూపిన్‌కు అక్కడే అవకాశం. ఇది చిక్కుడు కుటుంబం మొక్క. వేరు బుడిపెల్లోని బ్రాడీరైజోబియం బాక్టీరియా గాలి నుంచి నత్రజని తీసి ఇస్తుంది. నేల ఎంత పేదదైతే పక్క కలుపుతో పోటీ అంత తక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణ బ్లాక్ లోకస్ట్ చెట్టు. ఆల్బనీ ఇసుక నేలల్లోకి అది బయటి నుంచి వచ్చింది. అదీ చిక్కుడు కుటుంబమే, అదీ నత్రజనిని పడుతుంది. తేడా ఏమిటంటే అది పెద్ద చెట్టు, ఏటా ఆకు రాల్చి నేలంతా నత్రజని నింపుతుంది. ఆ నేలలో బయటి గడ్డి, ముళ్లపొదలు దట్టంగా వస్తాయి. నరికితే వేరు నుంచి పదింతలు పిలకలు వేస్తుంది. మంట పెట్టినా అదే జరుగుతుంది. అందుకే అక్కడ లోకస్ట్ చెట్లను మోడుతో సహా పెకలించి, సొంత గడ్డి, పూలమొక్కల గింజలు చల్లాల్సి వచ్చింది. నిప్పు ఒక్కటీ చాలదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అగ్గిగీత

మంట పెట్టడం గురించి కొంత వివరంగా రాస్తాను. చాలామంది "నిప్పు మంచిది" అన్న ఒక్క మాట పట్టుకుని ఆగిపోతారు. ఏ నెలలో, ఎంత తేమలో, ఏ ఇంధనం మీద పెట్టారన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

మొదటి ఇబ్బంది కుళ్లు పొర. రాలిన సూదుల అడుగున సగం చివికి గోధుమ రంగులో మెత్తగా ఉండే పొర అది. దశాబ్దాలు మంట లేని చోట చాలా మందంగా ఉంటుంది. పైమంట ఆ చోటు దాటి నిమిషాల్లో వెళ్లిపోతుంది. ఈ పొర పొడిగా ఉంటే మాత్రం గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి మంట కనిపించకుండా రగులుతుంది. వేర్లను చంపేది ఆ నిదానపు వేడే. లూపిన్ మొదళ్లు, పిచ్ పైన్ పీచువేర్లు రెండూ దెబ్బతింటాయి. అందుకే చాలాకాలం మంట చూడని చోట తొలి మంటను పైసూదులు ఎండి, అడుగు పొర తడిగా ఉన్న రోజు చూసి పెడతారు. వాన పడిన రెండు మూడు రోజులకు అలాంటి రోజు దొరుకుతుంది. ఒక్క మంటతో పొరంతా తీసేయాలని చూడకూడదు. రెండు మూడు విడతల్లో పలచబడనివ్వాలి.

రెండోది స్క్రబ్ ఓక్. తలెత్తు పొద నిలబడి ఉండగా అంటిస్తే మంట అదుపు తప్పే ఎత్తుకు లేస్తుంది. ముందు యంత్రంతో కొట్టి, పడిన కొమ్మలు ఎండాక పెడితే మంట నేలబారుగా పోతుంది.

పెట్టే వరుస ఇలా ఉంటుంది. చుట్టూ గడ్డి కొట్టి, నేల గీరి నిప్పుగీత తీస్తారు. పొగ ఎటు పోతుందో ముందే చూస్తారు. ఆల్బనీలో చుట్టూ హైవేలు, ఇళ్లు, మాల్ ఉన్నాయి కాబట్టి గాలి దిక్కు సరిగా లేకపోతే ఆ రోజుకు పని ఆపేస్తారు. ఉదయపు మంచు తడి ఆరిన తర్వాత ఒక మూల చిన్న పరీక్ష మంట వేస్తారు. అది అనుకున్నట్టు కాలితే, గాలి పోయే వైపు అంచున మొదలుపెట్టి గాలికి ఎదురు నడిచేలా నెమ్మది మంట పెడతారు. ఆ అంచు వెడల్పుగా నల్లబడ్డాకే మిగతా భాగాన్ని కొద్దికొద్ది పట్టీలుగా అంటిస్తారు. చివర్లో మోళ్లు, కుళ్లు పొర ఎక్కడా రగలడం లేదని చేతి వెనకభాగం పెట్టి చూసుకుంటూ తిరగడం ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది అదే.

ఇదంతా శిక్షణ, అనుమతి ఉన్న బృందాల పని. పెరట్లో ఎవరూ ప్రయత్నించకండి. న్యూయార్క్ రాష్ట్రంలో మార్చి 16 నుంచి మే 14 వరకు ఇళ్ల దగ్గర చెత్తకొమ్మలు కాల్చడమే నిషేధం.

సీతాకోకల_గూడు

అగ్గిగీత గారు ఒక ముఖ్యమైన జీవిని వదిలేశారు. కార్నర్ బ్లూ సీతాకోకచిలుక గొంగళిపురుగు తినేది లూపిన్ ఆకు ఒక్కటే. ఆల్బనీ పక్కన కార్నర్ అనే ఊరి పేరు దానికి వచ్చింది. 1940ల్లో దాన్ని శాస్త్రీయంగా వర్ణించింది నవలా రచయిత, సీతాకోకచిలుకల పరిశోధకుడు వ్లదీమిర్ నబకొవ్. 1992లో అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదం ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. ఆల్బనీ పైన్ బుష్ కమిషన్ అంతకు ముందే, 1988లో ఏర్పడింది.

దీని ఏడాది చక్రం తెలియకుండా మంట పెట్టే నెల నిర్ణయించకూడదు. చలికాలం దాటిన గుడ్లు ఏప్రిల్‌లో, లూపిన్ మొలక లేచే వేళకు పగులుతాయి. మే చివర, జూన్‌లో పెద్దవి ఎగురుతాయి. వాటి గుడ్ల నుంచి వచ్చినవి జులైలో, ఆగస్టు మొదట్లో ఎగురుతాయి. ఆ రెండో తరం లూపిన్ మొదట్లో, పక్క గడ్డి మీద, రాలిన చెత్త మీద పెట్టే గుడ్లే మళ్లీ చలికాలం దాటాలి. అంటే ఏ నెలలో కాల్చినా ఆ ముక్కలో ఏదో ఒక దశ చస్తుంది. సురక్షితమైన నెల అంటూ లేదు.

మరి నిప్పు లేకపోతే లూపిన్ ఉండదు, లూపిన్ లేకపోతే సీతాకోకచిలుక ఉండదు. దీనికి దారి ముక్కలుగా కాల్చడం ఒక్కటే. ఒక ఏడాది మొత్తం ఆవాసంలో మూడో వంతు మించకూడదు, తక్కువైతే ఇంకా మేలు. కాలిన ముక్కకు ఆనుకునే కాలని ముక్క ఉండాలి. ఈ సీతాకోకచిలుక సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు.

అగ్గిగీత

ముక్కలు అవసరమే. కానీ మరీ చిన్న ముక్కలు చేస్తే అంచు పొడవు పెరుగుతుంది, నిప్పుగీతల కోసం గీరిన నేల పెరుగుతుంది, ఆ గీరిన చోటుకే కలుపు ముందు వస్తుంది. పైగా ఏడాదికి మంటకు అనువైన రోజులు కొన్నే దొరుకుతాయి. పది చిన్న ముక్కలకు పది రోజులు కావాలి. సీతాకోకచిలుక లేని దిబ్బల్లో పెద్ద ముక్కలే సరైనవని నా అభిప్రాయం.

సీతాకోకల_గూడు

ఇప్పుడు లేని దిబ్బల్లో అయితే నాకూ అభ్యంతరం లేదు. ఉన్న చోట మాత్రం తగ్గలేను. ఇంకొక ఉపాయం ఉంది. పెద్ద ముక్కలోపలే దట్టమైన లూపిన్ గుంపుల చుట్టూ ముందురోజు తడిపి, చెత్త ఊడ్చి, వాటిని కాలకుండా వదిలేయవచ్చు. మంట సహజంగా వచ్చినా అక్కడక్కడా కొన్ని చోట్లను వదిలే పోతుంది.

వెలుతురు గురించీ ఒక మాట. పూర్తిగా చెట్లు లేని బయలు నేల కూడా మంచిది కాదు. మగ సీతాకోకలు ఎండలో తిరుగుతాయి, ఆడవి కాస్త నీడపట్టున ఉన్న లూపిన్ మీద కూడా గుడ్లు పెడతాయి. జులైలో ఎండలోని ఆకు పసుపెక్కి, బూడిద తెగులు పట్టి పనికిరాకుండా పోయినప్పుడు, నీడలోని ఆకు ఇంకా పచ్చగా ఉండి రెండో తరాన్ని నిలబెడుతుంది. అందుకే అక్కడక్కడా పైన్ చెట్లు ఉండాల్సిందే.

నల్లమల_దారి

ఆసక్తిగా చదువుతున్నాను. మన నల్లమలలో కూడా తునికాకు కొత్త చిగురు కోసం, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద నిప్పు పెడుతుంటారు. అయితే దాన్నీ మేలుగానే చూడాలా?

ఇసుకదిబ్బ

ఆ ముగింపుకు రావద్దండీ. పిచ్ పైన్ నేలలోని మొక్కలు నిప్పుకు అలవాటు పడ్డవి, అక్కడ కూడా ఒకే ముక్కను ఏటా కాల్చరు, మధ్యలో కొన్నేళ్లు విడుపు ఇస్తారు. నల్లమల లాంటి ఆకురాల్చే పొడి అడవిలో ఏటా వేసవిలో నేలమంట వస్తే చిన్న మొక్కలు చెట్లుగా ఎదిగే దశ దాటలేవు. వేసవికి ముందే అటవీశాఖ ఫైర్ లైన్లు తీసేది అందుకే. ఒక అడవి లెక్కను ఇంకో అడవికి అంటగట్టకూడదు.

పైన్‌సూది

న్యూజెర్సీ వాళ్ల కోసం ఒక తేడా చెప్పాలి. 1978లో ఏర్పడ్డ పైన్‌లాండ్స్ నేషనల్ రిజర్వ్ దాదాపు 11 లక్షల ఎకరాలు. అక్కడ కాల్చడం ప్రధానంగా చలికాలంలో, మార్చి లోపే జరుగుతుంది. ఉద్దేశం ఊళ్లను పెద్ద కార్చిచ్చు నుంచి కాపాడటం. 2018లో వచ్చిన రాష్ట్ర చట్టం పర్యావరణ ప్రయోజనం కోసం కాల్చడానికి కూడా దారి తెరిచింది.

చలికాలపు మంట పైసూదులను మాత్రమే తింటుంది. అడుగు పొర తడిగా, గడ్డకట్టి ఉంటుంది కాబట్టి మిగులుతుంది. చెట్ల కొమ్మలకు దెబ్బ తగలదు, అంటే పైకప్పు తెరుచుకోదు. ఇళ్లకు రక్షణ దొరుకుతుంది గానీ, వెలుతురు కోరే పూలమొక్కలకు దక్కేది కొంచెమే. వేసవి మంట ఓక్ పిలకలను బలహీనపరుస్తుంది, పొరనూ ఎక్కువ తింటుంది. అప్పటికి లూపిన్ గింజ రాల్చి ఎండటం మొదలుపెట్టి ఉంటుంది. "మంట పెట్టారు కదా, పూలేవీ?" అని అడిగేవాళ్లు ముందు ఏ నెల మంట, పైన ఎంత నీడ ఉంది అన్నవి చూడాలి.

గింజలమూట

ఇక పెరటి సంగతి. తంగేడు గారూ, ముందు మీరు కొనేది అసలు సన్‌డయల్ లూపినేనా (పెరెన్నిస్) అని చూసుకోండి. తోటల్లో, రోడ్డు పక్కన ఎక్కువగా కనిపించేది పశ్చిమ తీరానికి చెందిన లూపినస్ పాలీఫిల్లస్, లేదా దాని సంకరాలు. ఈశాన్య మూలనున్న మెయిన్ (Maine) రాష్ట్రంలో పర్యాటకులు ఫొటోలు తీసుకునేవి ఇవే, అక్కడ పెరెన్నిస్ అంతరించిపోయింది. పెరెన్నిస్ ఒకటి రెండు అడుగులు పెరుగుతుంది, ఆకుకు 7 నుంచి 11 చిట్టాకులు, కొనలు గుండ్రం. పాలీఫిల్లస్ మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది, చిట్టాకులు ఎక్కువ, పొడవు, కొనలు వాడి. గులాబీ, పసుపు రంగుల పూలున్న ప్యాకెట్టు అయితే అసలు కొనవద్దు. రెండూ కలిసి సంకరమవుతాయి, కాబట్టి అడవి లూపిన్ ఉన్న దగ్గర తోటరకం పెట్టడం ఆ అడవి మొక్కకు నష్టం.

విత్తడానికి తేలిక మార్గం అక్టోబరు చివర లేదా నవంబరులో నేరుగా ఇసుకలో వేయడం. చలే తోలు సంగతి చూసుకుంటుంది. వసంతంలో వేయాలంటే ఇలా:

గింజలను గరుకు కాగితం మధ్య పెట్టి తోలు మెరుపు పోయేదాకా రుద్దండి, లోపలి పసుపుతెల్లని పప్పు బయటపడకూడదు. రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టండి. ఉబ్బినవి తీసి పెట్టి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పది రోజులు ఉంచండి. అప్పుడు లూపిన్ రకానికి తయారైన రైజోబియం కల్చర్ (వేరు బుడిపెల బాక్టీరియా) పట్టించి, అర అంగుళం లోపు లోతులో, అడుగు దూరానికి మూడు నాలుగు గింజలు వేయండి. బఠాణీకి అమ్మే కల్చర్ పనికిరాదు, బుడిపెలు రావు, మొక్క పాలిపోయి ఆగిపోతుంది. గ్రాముకు దాదాపు 40 గింజలు వస్తాయి, చిన్న మడికి 5 గ్రాములు చాలు.

గింజల్లో విషపు ఆల్కలాయిడ్లు ఉంటాయి. చిక్కుడు గింజల్లా కనిపిస్తాయి కాబట్టి పిల్లలకు అందనివ్వకండి.

పైన్‌సూది

పెరట్లో ఈ మొక్కను చంపేవి నాలుగే. బంకమట్టి, కంపోస్టు, సున్నం, మల్చ్ (నేల మీద పరిచే ఆకులు, చెక్కపొట్టు లాంటి పొర). మధ్య న్యూజెర్సీలో చాలా పెరళ్లది బంకమట్టి. దానిలో ఇసుక కలిపితే ఇంకా గట్టిపడుతుంది, కలపకుండా పైన కనీసం 15 అంగుళాల మందాన గరుకు ఇసుక మడి కట్టండి. కంపోస్టు వేస్తే మొదటి ఏడాది ఏపుగా వచ్చి, తడికి మొదలు కుళ్లి పడిపోతుంది. లాన్‌కు సున్నం వేసే అలవాటు ఉంటే ఆ నీరు మడిలోకి రాకుండా చూడండి, నేల పులుపు కొలత అయిన పిహెచ్ 5 నుంచి 6.5 మధ్య ఉండాలి. మల్చ్ వేస్తే మీరే ఆ కుళ్లు పొరను తయారు చేసినట్టు.

కుండీలో పెంచేవాళ్లు కనీసం 12 అంగుళాల లోతు ఉన్నది వాడండి. రెండు మూడు నిజమైన ఆకులు రాగానే నేలలోకి మార్చాలి. తల్లివేరు అడుగు తాకి చుట్టుకున్నాక మారిస్తే బతికే అవకాశం తక్కువ. మొదటి వేసవి వారానికి ఒకసారి నీళ్లు, ఆ తర్వాత అక్కర్లేదు. జింకలు, గ్రౌండ్‌హాగ్‌లు పూమొగ్గను ఇష్టంగా కొరుకుతాయి, ఏప్రిల్ నుంచి గింజ ముదిరేదాకా తీగవల తప్పదు.

తంగేడు_ఎన్‌జె

నిప్పు బదులు ఏం చేయాలి మరి?

అగ్గిగీత

నవంబరు తర్వాత, మొక్కలు ఎండాక, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో కొట్టండి. కిందికి కొడితే మొదళ్లు గీసుకుపోతాయి. కొట్టిన గడ్డిని అక్కడే వదలకండి, దంతెతో గట్టిగా లాగి ఇసుక కనిపించేలా తీసేయండి. మడి మొత్తం ఒకే ఏడాది చేయకుండా మూడు భాగాలుగా పంచుకుని ఏడాదికొకటి చేయండి. పైన కొమ్మ నీడ పెరిగితే దాన్నీ నరకాలి. దంతె పని ఎగ్గొట్టి కొట్టడం ఒక్కటే చేస్తే రెండు మూడేళ్లకు మొలకలు ఆగిపోతాయి.

సీతాకోకల_గూడు

పక్కన బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్, న్యూజెర్సీ టీ, స్పాటెడ్ బీబామ్ పెట్టండి. ఈ మూడు మొక్కలకూ ఇదే ఇసుక చాలు. లూపిన్ పూలు అయిపోయాక తేనెకు వచ్చే వాటికి ఇవే ఆధారం. లూపిన్ పరాగసంపర్కం ఎక్కువగా బంబుల్‌బీల పని. పువ్వు కింది రేకుల మీద బరువు పడితేనే పుప్పొడి బయటికి వస్తుంది. ఒకటి రెండు మొక్కలుంటే కాయ తక్కువగా పడుతుంది, కనీసం పది పన్నెండు మొక్కల గుంపు ఉండేలా చూడండి.

గింజలమూట

మీ మొక్కల గింజ మీరే తీసుకోవచ్చు. జూన్ చివర నుంచి రోజూ చూడండి. కాయ పచ్చరంగు పోయి ముదురు గోధుమ రంగుకు తిరిగి, ఊపితే గింజ గలగలమంటే ఆ రోజే కోయాలి, మరుసటి రోజుకు పగిలిపోవచ్చు. కాగితపు సంచిలో వేసి మూతి మడిచి పొడి గదిలో పెట్టండి, లోపలే పగులుతాయి. ప్లాస్టిక్ సంచిలో బూజు పడుతుంది. కాయకు సాధారణంగా ఐదారు గింజలు ఉంటాయి. రిజర్వ్‌లలో ఒక్క కాయ కూడా కోయకండి, అక్కడ రాలే ప్రతి గింజా ఆ దిబ్బకే కావాలి.